తిరిగి కట్టిన రిఫండు

అబిడ్స్, హైదరాబాద్
జూలై 24, 2025

సోఫియా అక్కకు,

ఫోను చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే నీ బటన్ ఫోనులో తెలుగు అక్షరాలన్నీ డబ్బాల్లా కనిపిస్తాయి. అందుకే ఎప్పటిలా ఉత్తరమే. డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా రాస్తున్నాను.

పోయిన వారం ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ పేరుతో నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. మీ రిటర్నులో చూపిన మినహాయింపులు నిజమైనవేనా చూసుకోండి, తప్పయితే సరిచేసుకోండి అని. ఈ మధ్య దొంగ మెసేజులు బోలెడు వస్తున్నాయి కదా అని పట్టించుకోలేదు. నిన్న మా ల్యాబులో పనిచేసే హైందవి వచ్చి తన ఫోను చూపించింది. అదే మెసేజ్. మధ్యాహ్నానికి బిల్లింగు కౌంటరు వెంకటేశ్వర్లు. సాయంత్రానికి తేలిందేమిటంటే, మా ఆసుపత్రిలో మన ప్రవీణ్ దగ్గర రిటర్నులు వేయించుకున్న వాళ్ళందరికీ వచ్చింది. వేరేచోట వేయించుకున్న వాళ్ళకు ఒక్కరికీ రాలేదు.

వాళ్ళందరినీ ప్రవీణ్ దగ్గరికి పంపింది నేనే అక్కా. మా అక్క కొడుకు, బీకాం చదివాడు, నాంపల్లిలో సొంతంగా ఆఫీసు పెట్టాడు, రిఫండు బాగా ఇప్పిస్తాడని నర్సుల గదిలో అందరికీ చెప్పుకున్నాను.

ఈ పొద్దున డ్యూటీకి ముందే నాంపల్లి వెళ్ళాను. స్టేషను ఎదురు సందులో మేడ మీద వాడి గదికి తాళం వేసి ఉంది. మెట్ల మీద ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు, వాళ్ళూ వాడికోసమే. కింద చాయ్ అమ్మే అతన్ని అడిగితే, "ఆ అన్న రాక శానా రోజులాయె అమ్మా. రోజుకొకరు వచ్చి అడుగుతున్రు. కిరాయి కోసం ఓనరు గూడ వచ్చిపోయిండు" అన్నాడు. ఫోను స్విచాఫ్.

వాడికి ఒంట్లో బాగుందా? నీకేమైనా కబురు చేశాడా? తప్పు చేశాడని నేను అనడం లేదు. కంప్యూటరు పొరపాటే కావచ్చు. కానీ కనపడితే కదా అడగడానికి.

ఇంట్లో రిచర్డ్‌కు ఏమీ చెప్పలేదు. మే నెలలో గుండెకు స్టెంటు వేశారు, ఇంకా మందులు మానలేదు. నువ్వు కూడా ఆయనకు ఏమీ రాయకు. ఉత్తరం నా పేరు మీదే వేయి.

నీ చెల్లెలు,
ఆగ్నెస్


మెదక్
జూలై 31

ఆగ్నెస్‌కు,

నీ ఉత్తరం అందింది. నీకు చిన్నప్పటి నుంచీ ఊరికే కంగారు. పరీక్ష రాసి వచ్చిన రోజే ఫెయిలయ్యానని ఏడ్చేదానివి.

ప్రవీణ్ బాగానే ఉన్నాడు. మొన్న ఫోను చేశాడు. విజయవాడలో ఏదో పెద్ద కంపెనీ లెక్కల పని దొరికిందట, తిరగడానికి కొంచెం టైం పడుతుందన్నాడు. ఆఫీసుకు తాళం అందుకే. ఈ కాలంలో గవర్నమెంటు వాళ్ళు అందరికీ ఇట్లాంటి మెసేజులు పంపుతారట, భయపడేది లేదని చెప్పమన్నాడు.

మీ ఆసుపత్రి వాళ్ళు ఏమంటున్నారు? కంప్లైంటు గింప్లైంటు అనే మాట ఎవరైనా అన్నారా? అట్లాంటిదేమైనా ఉంటే నాకు ముందే రాయి.

వచ్చే నెల ఇటు వస్తానన్నావు. ఇప్పుడొద్దులే. వానలకు రోడ్లన్నీ పాడైపోయాయి. మరిదిని జాగ్రత్తగా చూసుకో. ఉప్పు తగ్గించు.

మీ కోసం ప్రార్థిస్తున్నాను.
సోఫియా


అబిడ్స్
ఆగస్టు 12

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రవీణ్ ఫోను చేశాడన్నావు. ఫోనులో నీకు వినపడదు కదా. విజయవాడ, పెద్ద కంపెనీ, ఇవన్నీ నీకు ఎవరు చెప్పారు? దీనికి తరవాత వస్తాను. ముందు జరిగింది చెప్తాను.

మా డాక్టరు గారి పన్ను లెక్కలు చూసే ఆడిటరు దివ్యశ్రీ అని ఒకమ్మాయి ఉంది. అబిడ్స్‌లోనే ఆఫీసు. హైందవి, నేను కలిసి వెళ్ళాం. ఆ అమ్మాయి నా ఆధార్‌కు వచ్చే ఓటీపీతో వెబ్‌సైటు తెరిచి, పోయిన సంవత్సరం వేసిన నా రిటర్ను బయటికి తీసింది.

"ఈ ఈమెయిలు మీదేనా సిస్టర్?" అని అడిగింది.

"నాకు ఈమెయిలు ఎక్కడిది తల్లీ?" అన్నాను.

ప్రవీణ్ తయారు చేసినది అది. అందులోకి ఎప్పటి నుంచో టాక్సు వాళ్ళ ఉత్తరాలు వస్తున్నాయి. ఎవరూ తెరవలేదు.

నేనొక రాజకీయ పార్టీకి విరాళం ఇచ్చానట. ఆ పార్టీ పేరే నేను వినలేదు. చదువు కోసం తీసుకున్న అప్పుకు వడ్డీ కడుతున్నానట. పిల్లలు లేని దాన్ని, ఎవరి చదువు అక్కా? నిజంగా చూపించాల్సిన బ్యాంకు వడ్డీ మాత్రం చూపించలేదు. రిఫండు ఇంత ఎక్కువ వచ్చిందేమిట్రా అని అప్పట్లో అడిగితే, "నర్సులకు స్పెషల్ ఉంటది చిన్నమ్మా" అన్నాడు.

ఇంకొకటి ఉంది. రాయనా మాననా అని చాలాసేపు ఆలోచించాను. నీకు తెలియకపోతే అన్యాయం. తీవ్రమైన వైకల్యం ఉండి నా మీద ఆధారపడిన మనిషి ఒకరు ఉన్నారని చూపించి, దాని మీద పెద్ద మినహాయింపు తీసుకున్నాడు. ఆ మనిషి పేరు సోఫియా. అక్క. నీ ఆధార్ నంబరు కూడా వేశాడు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, ఈ రోజుకీ నెలనెలా పింఛను తీసుకునే నిన్ను.

"ఇవన్నీ చేసింది అతను కదమ్మా, మాకు తెలియదంటే కుదరదా?" అని హైందవి అడిగింది. కుదరదట. రిటర్ను మన పేరు మీదది, బాధ్యత మనదే. ఓటీపీ వచ్చింది చదవండి అని ప్రవీణ్ అంటే డ్యూటీలో ఉండి ఫోనులోనే చదివి చెప్పాం కదా, మేం సంతకం పెట్టినట్టు అదేనట. అసలు నోటీసు ఇంకా రాలేదు కాబట్టి, మేమే ముందుకొచ్చి సవరించిన రిటర్ను వేసి, వచ్చిన రిఫండూ వడ్డీ, దాని మీద ఇంకొంత అదనపు పన్నూ కడితే బయటపడే దారి ఉంది. ఆలస్యం చేసిన కొద్దీ ఆ అదనం పెరుగుతుంది. నోటీసు వచ్చాక ఈ దారి మూసుకుపోతుంది.

మెట్లు దిగుతుంటే హైందవి అంది: "ఆ డబ్బు పాప స్కూలు ఫీజుకు కట్టేశానండీ. అందులోంచి మీ అబ్బాయికి అతని వాటా కూడా ఇచ్చాను. మీరు చెప్పబట్టే కదా వెళ్ళాను సిస్టర్." గట్టిగా అనలేదు. అరిచినా బాగుండేది. అప్పటినుంచి నాతో భోజనానికి కూర్చోవడం లేదు.

ఇప్పుడు చెప్పు. వాడు నీ దగ్గరే ఉన్నాడా?

ఆగ్నెస్


మెదక్
ఆగస్టు 19

ఆగ్నెస్‌కు,

ఔ, ఇక్కడే ఉన్నాడు. జూలైలోనే వచ్చాడు. చేతిసంచి, లాప్‌టాప్ తప్ప ఏమీ లేవు. సరిగా తినడు. గేటు చప్పుడు నాకు ఎట్లాగూ వినపడదు. వాడు లేచి వెనక గదిలోకి పోతే, ఎవరో వచ్చారని నాకు తెలుస్తుంది. అట్లా బతుకుతున్నాం ఇద్దరం.

నీకు చెప్పలేదు. చెప్తే ఏం చేసేదానివి? ఆ పదిమందినీ వెంటబెట్టుకుని మా ఇంటి ముందుకు వచ్చేదానివి. నీకు ఆసుపత్రి ఉంది, భర్త ఉన్నాడు, నీ మాటంటే గౌరవం ఇచ్చే మనుషులున్నారు. నాకు వాడొక్కడే.

ఒక మాట అడుగుతాను. ఆ డబ్బు నీ ఖాతాలో పడినప్పుడు తీసుకున్నావా లేదా? కొత్త ఫ్రిజ్ కొన్నానని నువ్వే కదా రాశావు. నీ చేతికి వచ్చినంతసేపు వాడు బంగారు కొండ. ఇప్పుడు దొంగ.

నా పేరు రాశాడన్న మాట వాడిని నేను అడగలేదు. అడగను కూడా. నువ్వు ఎక్కడో తప్పు చదివి ఉంటావు.

పోలీసులకు చెప్పుకోవాలంటే చెప్పుకో. అడ్రసు నీకు తెలుసు. ఇకమీదట నాకు ఉత్తరాలు రాయకు.

సోఫియా


అబిడ్స్
ఆగస్టు 29

అక్కా,

రాయవద్దన్నావు. రాయక తప్పడం లేదు.

ఫ్రిజ్ మాట నిజమే. దాని తలుపు తీసినప్పుడల్లా నీ మాట గుర్తొస్తోంది.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి వెంకటేశ్వర్లు, హైందవి భర్త మా గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. మెల్లగా మాట్లాడండి, లోపల పేషెంటు ఉన్నాడని బతిమాలాను. వెంకటేశ్వర్లు వినలేదు. "మీ పిలగాడు యాడున్నడో మీకు తెల్వదా సిస్టర్? మేం గింత ఫికర్ల సస్తుంటే మీరు దాస్తున్రా? నాంపల్లి ఠాణాల కంప్లైంటు రాసిస్తం. ముందుగాల మీ పేరే రాస్తం" అన్నాడు. తన కూతురి కాలేజీ సీటుకని దాచుకున్నది మొత్తం ఈ పన్నుకే పోయేలా ఉందట. మాట్లాడుతూ మాట్లాడుతూ అతనికే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

రిచర్డ్ అన్నీ విన్నాడు. వాళ్ళను లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. వాళ్ళు వెళ్ళాక నా వైపు చూసి, "నాకు గుండెల స్టెంటు ఏసిన్రు గాని, చెవులల్ల దూది వెట్టలే గద ఆగ్నెస్. ఎన్ని దినాల సంది ఒక్కదానివే మోస్తున్నవ్?" అన్నాడు. నేను భయపడ్డట్టు ఏమీ కాలేదు. తన ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పార్సిలాఫీసులో మూటలు ఎక్కించి దింపిన డబ్బు అక్కా అది. దాన్ని చూడలేకపోయాను.

నేను నీ కొడుకును పోలీసులకు పట్టించను. ఆ సంగతి నీకూ తెలుసు. వాడికి అన్నం ముద్దలు కలిపి పెట్టిన చేతులు ఇవి. కానీ వెంకటేశ్వర్లును ఆపడం నా వల్ల కాదు. సెప్టెంబరు పదమూడు, శనివారం దాకా ఆగమని అడిగాను. సరే అన్నారు.

డబ్బు ఒక్కటే కాదు. వాడు వచ్చి వాళ్ళ ముందు నిలబడాలి. ఎవరి రిటర్నులో ఏం రాశాడో వాడి నోటితో వాడే చెప్పాలి, వాళ్ళ దగ్గర తీసుకున్న వాటా తిరిగి ఇవ్వాలి. ఒక్కొక్కరివీ సరిచేయడానికి కూర్చోవాలి. ఈ సంవత్సరం రిటర్నుకు గడువు కూడా సెప్టెంబరు పదిహేనే.

వాడిని అడుగు అక్కా. నీ పేరు గురించి ఒక్కసారి అడుగు.

ఆగ్నెస్


మెదక్
సెప్టెంబరు 8, సోమవారం

ఆగ్నెస్‌కు,

అడిగాను.

నాతో మాట్లాడాలంటే వాడు ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా మాట్లాడతాడు. నా వినికిడి తగ్గడం మొదలైనప్పటి నుంచీ, అంటే వాడి నాలుగో తరగతి నుంచీ, వాడికి అదే అలవాటు. నిన్న అన్నాలు తినేటప్పుడు, "నేను ఆగ్నెస్ మీద పడి తింటున్న అవిటిదాన్నారా?" అని అడిగాను. తల వంచుకునే ఏదో చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లేచి వెళ్ళి గడ్డం పట్టుకుని తల ఎత్తాను. మళ్ళీ చెప్పు అన్నాను.

"కాయితం మీదనే గదమ్మా. నీకు ఎట్లాగూ వినపడదు గద. గందుకే రాసిన."

"నీకు వినపడదు గద" అనే మాట నా కొడుకు పెదవుల మీద చదువుకోవడం ఎట్లా ఉంటుందో నీకు చెప్పలేను. పెన్ను పట్టుకోవడం నేర్పింది నేనే.

ఎందుకు చేశావురా అంటే, "పక్క సందుల ఇంకో అన్న అందరికి మస్తు రిఫండు తెప్పిస్తుండు. నేను ఉన్నదున్నట్టు రాస్తే నా దగ్గరికి ఎవరొస్తరు? ఒక్కసారని చేసిన. మల్ల ఆపనీకి రాలే" అన్నాడు. ఆ తరవాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఏడవలేదు. కంచాలు తీసి కడిగి వచ్చి, బట్టలు సర్దమన్నాను.

ఈ పొద్దున బస్సు ఎక్కించాను. నేరుగా చిన్నమ్మ ఇంటికే పో అని చెప్పాను. నేనూ వద్దామనుకున్నాను. మరిది ముందు ఏ మొహంతో నిలబడను?

పోయినసారి నేను రాసిన మాటలకు ఏమీ అనుకోకు. చేరగానే రాయి. బస్టాండులో వాడు నా వైపు తిరిగి చూడలేదు, అదొకటే మనసులో మెదులుతోంది.

సోఫియా


అబిడ్స్
సెప్టెంబరు 10

అక్కా,

ప్రవీణ్ రాలేదు.

సోమవారం మధ్యాహ్నం నుంచి ఎదురుచూస్తున్నాం. నిన్న రిచర్డ్ జూబ్లీ బస్టాండుకు వెళ్ళి అడిగి వచ్చాడు. ఫోను స్విచాఫ్. ఈ రోజు డ్యూటీలో క్యాజువాలిటీకి ఏ స్ట్రెచర్ వచ్చినా ముందు మొహం చూశాను.

నీ దగ్గరికి తిరిగి వచ్చాడా? వస్తే పక్కింటి వాళ్ళ ఫోను నుంచి ఒక్క మాట చెప్పించు. వాళ్ళకు తెలిసినా పర్వాలేదు. ఇంక ఎవరికి తెలిస్తే ఏం?

ఆగ్నెస్


అబిడ్స్
సెప్టెంబరు 20

అక్కా,

వాడు దొరికాడని మీ పక్కింటి వాళ్ళకు ఫోను చేసి చెప్పించాను కదా, నీ మనసు కుదుటపడి ఉంటుంది. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సోమవారం బస్సు దిగి నేరుగా నాంపల్లిలో తన గదికే పోయాడట. లోపలి నుంచి గడియ పెట్టుకుని అక్కడే ఉన్నాడు. ఎవరెవరో వచ్చి తలుపు కొట్టి తిట్టిపోతుంటే వింటూ కూర్చున్నాడట. పన్నెండో తేదీ శుక్రవారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. గడ్డం మాసిపోయి గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు. తలుపు తీసింది రిచర్డ్. నేను వెనకనే ఉన్నాను, ఎన్ని అడగాలనుకున్నానో. ఆయన ఒక్కటే అడిగాడు: "అన్నం తిన్నవా?"

మర్నాడు శనివారం అందరూ మా ఇంటికి వచ్చారు. కుర్చీలు చాలక మంచం మీద, గుమ్మంలో కూర్చున్నారు. ప్రవీణ్ నిలబడే మాట్లాడాడు. ఒక్కొక్కరి రిటర్నులో ఏ అబద్ధం రాశాడో చెప్పాడు. ఒకరికి లేని జబ్బు, ఇంకొకరికి లేని ఇంటి అద్దె. నాది వచ్చినప్పుడు నీ పేరు కూడా చెప్పాడు. హైందవి అంది: "కన్నతల్లినే అలా రాసినవాడివి, మమ్మల్ని వదులుతావా?"

వాడు లాప్‌టాప్ తెరిచాడు.

వెంకటేశ్వర్లు మాత్రం చాలాసేపు అరిచాడు. "మాఫ్ చెయ్యమంటే చెయ్య. ముందుగాల నా కాయితాలు సక్కగ చెయ్యి. అటెంక నీ మీద కేసు పెట్టాల్నా వద్దా సోంచాయిస్త" అన్నాడు. కానీ అందరికంటే ముందు వాడి పక్కన కూర్చున్నది అతనే.

వాడు చేసిన ప్రతిదీ దివ్యశ్రీ చూసి సరే అన్నాకే పంపాం. ఈ సంవత్సరం రిటర్నులు గడువులోపల అయిపోయాయి. ఆసుపత్రి ఇచ్చిన జీతం కాగితం, ఫారం పదహారులో ఉన్నదేదో అదే, బ్యాంకు వడ్డీతో సహా. ఈసారి ఓటీపీ వచ్చినప్పుడు ఎవరూ చదివి చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాకే ఎవరిది వాళ్ళే కొట్టారు. పాత సంవత్సరాలవి ఒకటొకటిగా నడుస్తున్నాయి. ప్రవీణ్ బండి అమ్మేశాడు. ఆ డబ్బు హైందవికి, వెంకటేశ్వర్లుకు, వార్డులో పనిచేసే ఇద్దరికి వచ్చింది. మిగతావాళ్ళకు ఇంకా ఇవ్వాలి.

నాది నేను కట్టేశాను. రిచర్డ్ డిపాజిట్‌లో సగం పోయింది.

చేసిందంతా ఒప్పుకుంటూ వాడే ఒక కాగితం రాసి టాక్సు ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. ఇవ్వకపోతే ఏమవుతుందని దివ్యశ్రీని నేను పక్కకు పిలిచి అడిగాను. అడిగినందుకు సిగ్గుగా ఉంది. కానీ నిజంగానే అడిగాను అక్కా.

ఆగ్నెస్


మెదక్
డిసెంబరు 8

ఆగ్నెస్‌కు,

పోయిన గురువారం హైదరాబాద్ వచ్చాను. నీకు చెప్పలేదు.

ప్రవీణ్‌ను టాక్సు ఆఫీసు వాళ్ళు విచారణకు పిలిచారు. నా పేరు కూడా ఉంది కాబట్టి నేనూ వస్తానన్నాను. వాడు వద్దన్నాడు. వినలేదు. అక్కడొక చిన్న వయసు ఆఫీసరమ్మ ఉంది. మొదట గట్టిగా అరిచి మాట్లాడింది, తరవాత అర్థం చేసుకుని ప్రశ్నలు కాగితం మీద రాసి నా ముందు పెట్టింది. మీరు మీ చెల్లెలి మీద ఆధారపడి ఉన్నారా అని రాసింది. లేదు, నాకు పింఛను వస్తుంది, నా ఇల్లు నాకుంది, నా పని నేనే చేసుకుంటాను అని రాశాను. అక్షరాలు గుండ్రంగా, బోర్డు మీద రాసినట్టు రాశాను. కింద సంతకం పెట్టాను. అది నా కొడుకుకు వ్యతిరేకంగా నేను పెట్టిన సంతకం కదా.

వాడి గురించి ఇంకా ఏమీ తేల్చలేదు. మళ్ళీ పిలుస్తారట. జరిమానాతో పోతుందో, కోర్టు దాకా పోతుందో అడిగినా చెప్పలేదు. వాడు ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేలు కొట్టులో చిట్టాలు రాసే పనికి కుదిరాడు. జీతంలో సగం మీ వాళ్ళకు ఇస్తున్నానన్నాడు. నిజమేనా? అన్నది నమ్మడం ఇప్పుడు కొంచెం కష్టమే నాకు.

విచారణ అయ్యాక వాడిని కొట్టుకు పంపించి, నేను ఒక్కదాన్నే అబిడ్స్ దాకా నడిచాను. మీ సందు మొదట్లో నిలబడ్డాను. మీ మేడ మీద ఆరేసిన బట్టలు కనపడ్డాయి. రిచర్డ్ తువ్వాలు గుర్తుపట్టాను. అక్కడి నుంచే తిరిగి వెళ్ళిపోయాను.

కోప్పడకు.

సోఫియా


అబిడ్స్
డిసెంబరు 13

అక్కా,

కోపం కాదు. నువ్వు వచ్చిన గురువారం నాకు సెలవు. ఇంట్లోనే ఉన్నాను.

జీతంలో సగం ఇస్తున్న మాట నిజమే. ప్రతి నెలా వచ్చి ఒక్కొక్కరికీ చేతికి ఇచ్చి వెళ్తున్నాడు. పోయినసారి వెంకటేశ్వర్లు వాడికి చాయ్ ఇప్పించాడు. కేసు సంగతి మాత్రం ఇంకా ఏమీ తేల్చలేదు. హైందవి నాతో మాట్లాడుతోంది, మునుపటిలా కాదు. ఏదైనా చెప్తే ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. అడగనీ.

మళ్ళీ విచారణకు పిలిస్తే వాడికి జైలు పడుతుందేమో అనే భయం నాకూ ఉంది. నువ్వు అక్కడ ఒక్కదానివే, నేను ఇక్కడ ఒక్కదాన్నే భయపడుతూ ఐదు నెలలు గడిపాం.

నువ్వు సందు దాకా వచ్చి వెళ్ళిపోయావని రిచర్డ్‌కు చదివి వినిపించాను. ఆయన చెప్పులు వేసుకుని కిందికి దిగి, సందు చివరిదాకా వెళ్ళి, కాసేపు అక్కడే నిలబడి వచ్చాడు. ఎందుకని అడిగితే, "వదిన యాడ నిలవడ్డదో సూసొచ్చిన" అన్నాడు.

ఇరవై ఒకటో తేదీ ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాం. ఇద్దరికీ వండు. ప్రవీణ్‌ను కూడా రమ్మన్నాను, కొట్టు యజమాని సెలవిస్తే ముగ్గురికి.

ఆగ్నెస్